నిలవదన్న బంధం

1952 జనవరి నెలాఖరు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్ల సహాయ ఆచార్యుడు ఒకరు ‘నేచర్’ పత్రిక తిరగేస్తూ ఒక చిన్న ఉత్తరం దగ్గర ఆగిపోయారు. అంతకు నెలన్నర ముందు, డిసెంబరు 15 సంచికలో అచ్చయిన ఉత్తరమది. రాసినవారు పిట్స్‌బర్గ్‌లోని డుకేన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ కీలీ, పీటర్ పాసన్. వాళ్లు ఫుల్వాలీన్ అనే కర్బన సమ్మేళనం చేద్దామనుకున్నారు. సైక్లోపెంటాడయీన్ నుంచి చేసిన గ్రిగ్నార్డ్ కారకంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపారు. ఫుల్వాలీన్ రాలేదు. నారింజ రంగు స్ఫటికాలు వచ్చాయి. ఒక్కో అణువులో ఒక ఇనుము పరమాణువు, పది కర్బనాలు, పది హైడ్రోజన్లు. 173 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది తప్ప విడిపోదు. ఆమ్లంలో మరిగించినా చెక్కు చెదరదు.

ఆ ఉత్తరంలో అణువు నిర్మాణాన్ని బొమ్మ గీసి చూపించారు. మధ్యలో ఇనుము. దానికి అటూ ఇటూ ఐదేసి కర్బనాల వలయాలు, ఒక్కో వలయం ఒక్కో గీతతో ఇనుముకు అంటుకుని ఉంది. అది చూసిన జెఫ్రీ విల్కిన్సన్‌కు ఇలా ఉండే అవకాశమే లేదనిపించింది. ఇనుము లాంటి పరివర్తన లోహానికీ కర్బనానికీ మధ్య ఒంటి బంధం నిలవదన్నది ఆనాటి రసాయన శాస్త్రవేత్తల గట్టి నమ్మకం. అలాంటి సమ్మేళనాల కోసం దశాబ్దాల పాటు ప్రయత్నించినవారిలో చాలామందికి నల్లటి మడ్డే మిగిలింది. మరి 173 డిగ్రీలకు కూడా చలించని ఈ నారింజ స్ఫటికాన్ని పట్టి ఉంచుతున్నదేమిటి?

ఆ ప్రశ్న వెంట పడి విల్కిన్సన్ నలభై ఏళ్లకు పైగా నడిచారు. ఆ దారిలో ఆయనకు నోబెల్ వచ్చింది, ఒక ఉత్ప్రేరకానికి ఆయన పేరు పడింది. మన ఎమ్మెస్సీ విద్యార్థులు ఆ పేరును పరీక్ష కోసం ఒక్క వాక్యంలో నేర్చుకుని వదిలేస్తారు. ఆ వాక్యం వెనకున్న మనిషి ఆలోచన తెలిస్తే పాఠం అంత చప్పగా ఉండదు.

రంగుల ఇంటి కుర్రాడు

విల్కిన్సన్ 1921 జులై 14న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, టాడ్‌మార్డెన్ పట్టణం పక్కనున్న స్ప్రింగ్‌సైడ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి, తాత ఇళ్లకు రంగులు వేసేవారు. తల్లి తరఫు వాళ్లు నూలు మిల్లుల్లో పనిచేసేవారు. కాస్త కలిగిన ఇంటి అమ్మాయిని పెళ్లి చేసుకున్న మేనమామ ఒకాయన ఉండేవారు. అత్తింటివారికి ఎప్సమ్ లవణం, గ్లాబర్ లవణం తయారుచేసి మందుల కంపెనీలకు అమ్మే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. రసాయన శాస్త్రం మీద మనసు పడింది అక్కడేనని విల్కిన్సన్ తర్వాత రాసుకున్నారు.

స్కాలర్‌షిప్‌తో టాడ్‌మార్డెన్ సెకండరీ స్కూల్లో చేరారు. అక్కడ ల్యూక్ సట్‌క్లిఫ్ అనే ఫిజిక్స్ మాస్టారు ఉండేవారు. పరమాణు కేంద్రకాన్ని చీల్చిన జాన్ కాక్‌క్రాఫ్ట్ కూడా ఆయన శిష్యుడే. ఒక మిల్లుల ఊరి బడిలో ఒకే మాస్టారి దగ్గర చదువుకున్న ఇద్దరికి నోబెల్ రావడం అరుదైన సంగతి. ఆ మాస్టారి పేరు ఇప్పుడు ఎవరికీ పెద్దగా తెలియదు. తెలిసి ఉండాలి.

1939లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మరో స్కాలర్‌షిప్, 1941లో డిగ్రీ. ఇంతలో యుద్ధం. అణుశక్తి పథకానికి రసాయన శాస్త్రవేత్తలు కావాలని పిలుపు వస్తే 1943 జనవరిలో కెనడా వెళ్లారు. అక్కడ మాంట్రియల్‌లోనూ, ఆపైన చాక్ రివర్‌లోనూ మూడేళ్లు పనిచేశారు. 1944లో ఆ పథకానికి అధిపతిగా వచ్చింది మరెవరో కాదు, అదే బడిలో చదివిన కాక్‌క్రాఫ్ట్. యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలోని బర్కిలీలో, గ్లెన్ సీబోర్గ్ బృందంలో చేరి సైక్లోట్రాన్‌లతో కొత్త ఐసోటోపులు తయారుచేశారు. ఆ పనిలో ఆయనది అందె వేసిన చెయ్యి.

1949లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు పాత గురువు బ్రిస్కో ఉన్నమాట చెప్పారు. కేంద్రక రసాయనం పట్టుకు కూర్చుంటే ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం దొరకదన్నారు. మంచి సలహా. విల్కిన్సన్ మొదట్లో ఇష్టపడిన విషయానికి, అంటే పరివర్తన లోహాలు కార్బన్ మోనాక్సైడ్‌తో, కర్బనాల మధ్య జంట బంధమున్న ఆలిఫిన్లతో కట్టే సంశ్లిష్టాల వైపు మళ్లారు. 1950లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి, మరుసటి ఏడు హార్వర్డ్‌కు వెళ్లారు. హార్వర్డ్ ఆయన్ను పిలిచింది కేంద్రక రసాయనం కోసం. ఆయన మనసు మాత్రం అప్పటికే మరోచోట ఉంది. ‘నేచర్’ ఉత్తరం ఆయన కంటపడింది అప్పుడే.

రెండు వలయాల మధ్య ఇనుము

నిర్మాణం ఇంకోలా ఉండాలని ఆయనకు తోచింది. వలయంలోని ఒక్క కర్బనం కాదు, ఐదు కర్బనాలూ సమానంగా ఇనుమును పట్టుకుని ఉండాలి. రెండు వలయాలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఇనుము. మన తిరగలిని ఊహించుకోండి. కింద ఒక రాయి, పైన ఒక రాయి, నడుమ ఇనుప సీల. ఆ పోలిక ఇంకొంచెం దూరం కూడా వస్తుంది, ఎందుకంటే ఈ అణువులో వలయాలు తమ ఇరుసు చుట్టూ సులువుగా తిరుగుతాయి.

లెక్క కూడా కుదిరింది. ఇనుము దగ్గర బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్లు ఎనిమిది. ఒక్కో వలయం ఐదేసి ఇస్తుంది. మొత్తం పద్దెనిమిది. జడవాయువైన క్రిప్టాన్‌కు ఉన్నంత నిండుదనం ఇనుముకు దక్కుతుంది. అందుకే అంత స్థిరత్వం.

అదే భవనంలో రాబర్ట్ బర్న్స్ వుడ్‌వర్డ్ అనే మహామేధావి ఉన్నారు. కర్బన రసాయనంలో ఆయన్ను మించినవారు అప్పుడు లేరు. ‘నేచర్’ ఉత్తరం చదివి ఆయన కూడా అదే నిర్మాణానికి వచ్చారు. ఇద్దరూ కలిసి పని పంచుకున్నారు. విల్కిన్సన్ భౌతిక పరీక్షలు చేయించారు. అయస్కాంతం దాన్ని ఆకర్షించలేదు, అంటే జత కాని ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. ద్విధ్రువ భ్రామకం సున్నా, అంటే అణువు రెండు పక్కలా ఒకేలా ఉంది. పరారుణ వర్ణపటంలో కర్బన-హైడ్రోజన్ బంధానికి ఒకే ఒక్క రేఖ వచ్చింది, అంటే పది హైడ్రోజన్ల మధ్య తేడా లేదు. కీలీ, పాసన్ గీసిన బొమ్మ నిజమైతే ఆ చోట ఒకటికి మించిన రేఖలు రావాలి. 1952 ఏప్రిల్‌లో విల్కిన్సన్, రోసెన్‌బ్లమ్, వైటింగ్, వుడ్‌వర్డ్ పేర్లతో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ఆ సంగతి వచ్చింది. ఆ వలయాలు బెంజీన్ లాగే ప్రవర్తిస్తాయని వుడ్‌వర్డ్ బృందం చూపించింది. ‘ఫెర్రోసీన్’ అన్న పేరు పుట్టింది. సముద్రానికి అవతల మ్యూనిక్‌లో ఎర్నెస్ట్ ఓటో ఫిషర్ అదే ఏడాది ఎక్స్‌కిరణాలతో ఇదే తీర్మానానికి చేరారు.

ఆ తర్వాత జరిగింది పరుగుపందెం. విల్కిన్సన్ ఇనుము స్థానంలో రుథీనియం పెట్టి చూశారు, కుదిరింది. కోబాల్టు, నికెల్, టైటానియం, జిర్కోనియం, వెనేడియం ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. అటు మ్యూనిక్ నుంచి ఫిషర్ కూడా అంతే వేగంగా ప్రచురిస్తున్నారు. టైటానియం, జిర్కోనియంలతో అప్పుడు చేసిన సమ్మేళనాలు దాదాపు పాతికేళ్లకు, జర్మనీలో వాల్టర్ కమిన్‌స్కీ చేతుల్లో, పాలిథిన్‌ను గొలుసు గొలుసూ కోరిన తీరులో పేర్చగల కొత్త తరం ఉత్ప్రేరకాలకు మూలమయ్యాయి. ఫెర్రోసీన్‌కు కూడా అనుకోని ఉద్యోగం దొరికింది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చి పుచ్చుకోవడంలో దానికున్న నేర్పును 1980ల్లో బ్రిటన్ శాస్త్రవేత్తలు రక్తంలో చక్కెర కొలవడానికి వాడుకున్నారు. వేలి కొసన రక్తపు చుక్క తీసి ఇంట్లోనే షుగర్ చూసుకునే విద్యుత్ రసాయన మీటర్లలో తొలితరానికి చెందినది, 1987లో మార్కెట్లోకి వచ్చినది, ఫెర్రోసీన్ ఉత్పన్నంతోనే పనిచేసేది.

ఒక హైడ్రోజన్ జాడ

1955లో రీనియంతోనూ ఇలాంటి సమ్మేళనమే చేయాలని విల్కిన్సన్, బర్మింగ్‌హామ్ ప్రయత్నించారు. వచ్చిన పసుపు పదార్థంలో ఒక హైడ్రోజన్ ఎక్కువ ఉంది. ఆ హైడ్రోజన్ ఎక్కడుంది? వలయం మీదా, లోహం మీదా? అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న కేంద్రక అయస్కాంత అనునాద పరికరంలో పెట్టి చూస్తే దాని సంకేతం మామూలు హైడ్రోజన్ల సంకేతాలకు ఎక్కడో దూరంగా, అవతలి కొసన కనిపించింది. అది నేరుగా లోహానికే అంటుకుని ఉందన్నమాట. లోహం మీద హైడ్రోజన్ ఉంటుందా ఉండదా అని అంతకుముందు ఇరవై ఏళ్లుగా వాదనలున్నాయి. ఇకమీదట ఎవరైనా పరికరంలో ఆ మూల చూస్తే చాలు. సంకేతం అక్కడుంటే లోహ హైడ్రైడ్ ఉన్నట్టే.

ఫెర్రోసీన్ కన్నా నాకు ఈ పనే పెద్దదనిపిస్తుంది. రెండు వలయాల నడుమ లోహముండే ఆ శాండ్‌విచ్ నిర్మాణం ఒక అందమైన సమాధానం. లోహం మీద హైడ్రోజన్‌ను చూడగలగడం మాత్రం ఒక కొత్త కన్ను తెరుచుకోవడం. విల్కిన్సన్ తర్వాత చేసిన ప్రసిద్ధ కృషికి చాలావరకు ఈ కన్నే ఆధారం.

ఆ ఏడాదే ఇంపీరియల్ కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. 1956 జనవరిలో అకర్బన రసాయన శాస్త్ర పీఠంలో ఆచార్యుడిగా చేరారు. వయసు ముప్ఫై నాలుగు. బ్రిటన్‌లో ఆ శాస్త్రానికంటూ స్థిరపడిన పీఠం అప్పటికి అదొక్కటే. అకర్బన రసాయనమంటే గుణధర్మాల జాబితా బట్టీ పట్టడమేనని విద్యార్థులు మొహం చాటేసే రోజులవి. ఆ పరిస్థితి మార్చడంలో ఒక పుస్తకం పాత్ర ఎంతో ఉంది. హార్వర్డ్‌లో తన దగ్గర పీహెచ్‌డీ చేసిన ఆల్బర్ట్ కాటన్‌తో కలిసి 1962లో ఆయన వెలువరించిన ‘అడ్వాన్స్‌డ్ ఇనార్గానిక్ కెమిస్ట్రీ’ అది. ‘కాటన్ అండ్ విల్కిన్సన్’ అంటే మన విశ్వవిద్యాలయాల్లో కెమిస్ట్రీ చదివినవారికి వేరే పరిచయం అక్కర్లేదు. అణువుల బొమ్మలు, బంధాల వివరణ, సరికొత్త పరిశోధనలు కలగలిపిన ఆ లావుపాటి పుస్తకం దేశదేశాల్లో తరాల విద్యార్థులకు దారి చూపింది.

ద్రాక్షసారా రంగు స్ఫటికాలు

రోడియం చాలా అరుదైన లోహం. ప్లాటినం ఖనిజాలతో పాటు కొద్దిగా దొరుకుతుంది. జాన్సన్ మాథీ కంపెనీ అప్పుగా ఇచ్చే ఇలాంటి లోహాలతోనే విల్కిన్సన్ ప్రయోగశాల నడిచేది. 1960ల మధ్యలో జాన్ ఆస్బార్న్, ఫ్రెడ్ జార్డీన్, యంగ్ అనే శిష్యులతో కలిసి ఆయన రోడియం ట్రైక్లోరైడ్‌ను ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌తో చర్య జరిపించారు.

ఆ తయారీ చూడముచ్చటగా ఉంటుంది. రోడియం లవణాన్ని వేడి ఇథనాల్‌లో కరిగించి, ఫాస్ఫీన్‌ను అవసరానికి మించి కలిపి మరగనిస్తారు. ఎక్కువైన ఫాస్ఫీన్ ఊరికే పోదు. అది తాను ఆక్సీకరణం చెంది రోడియంను కింది స్థితికి దింపుతుంది. కాసేపటికి ముదురు ద్రాక్షసారా రంగులో స్ఫటికాలు దిగుతాయి. వాటిని బెంజీన్‌లో కరిగించి హైడ్రోజన్ పంపితే ఎర్రటి ద్రావణం పసుపు పచ్చకు తిరుగుతుంది. లోహం హైడ్రోజన్ అణువును రెండుగా విడదీసి తనలోకి తీసుకుందనడానికి గుర్తు ఆ రంగు మార్పే.

అంతకుముందు ఆలిఫిన్లకు హైడ్రోజన్ ఎక్కించాలంటే నికెల్ పొడి లాంటివే ప్రధాన సాధనం. మన ఇళ్లలోకి వచ్చిన వనస్పతి కూడా అలా తయారైనదే. దానికి బాగా వేడి కావాలి, ఒత్తిడి కావాలి. పైగా చర్య జరిగేది లోహపు పైపొర మీద, అక్కడ ఏం జరుగుతోందో కంటికి చిక్కదు. విల్కిన్సన్ స్ఫటికాలు గది ఉష్ణోగ్రత దగ్గర, మామూలు వాతావరణ పీడనం దగ్గరే ఆ పని చేశాయి. ద్రావణంలో కరిగి ఉంటాయి కనుక లోహపు ప్రతి పరమాణువూ పనిలో ఉంటుంది, ఏ దశలో ఏమవుతోందో పరికరాలతో వెంబడించవచ్చు. దాదాపు అదే సమయంలో ఐసీఐ కంపెనీలో కాఫీ అనే శాస్త్రవేత్త కూడా సొంతంగా ఈ ఉత్ప్రేరకాన్ని కనిపెట్టారు. పేరు మాత్రం విల్కిన్సన్‌దే స్థిరపడింది. చర్య లోలోపలి నడకను విప్పి చూపించింది ఆయన బృందమే కాబట్టి అందులో అన్యాయం లేదు.

దీనికి ఎంపిక కూడా తెలుసు. పుదీనా వాసననిచ్చే కార్వోన్‌నే తీసుకోండి. అందులో రెండు జంట బంధాలున్నాయి. ఒకటి వలయం లోపల, మరొకటి బయట కొసన. ఈ ఉత్ప్రేరకం బయటి దానికే హైడ్రోజన్ ఎక్కించి లోపలిదాన్ని ముట్టుకోదు. పెద్దపెద్ద ఫాస్ఫీన్ గుంపుల మధ్యనున్న లోహం దగ్గరికి ఇరుకున పడిన బంధం చేరలేదు మరి. ఆ ఫాస్ఫీన్లను కుడి ఎడమల తేడా ఉన్న ఫాస్ఫీన్లుగా మార్చితే ఏమవుతుందని అమెరికాలో విలియం నోల్స్ అడిగారు. ఆ దారిలోనే పార్కిన్సన్ వ్యాధికి వాడే ఎల్-డోపా తయారీ సాధ్యమైంది, 2001లో ఆయనకు నోబెల్ భాగం దక్కింది.

విశాఖ దాకా వచ్చిన రోడియం

ప్రొపిలీన్ లాంటి ఆలిఫిన్లకు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిపి ఆల్డిహైడ్ చేయడాన్ని 1938లో జర్మనీలో ఓటో రోలెన్ కనిపెట్టారు. పరిశ్రమలో దాన్ని ఆక్సో ప్రక్రియ అంటారు. కోబాల్టుతో చేస్తే 200 నుంచి 300 వాతావరణాల పీడనం కావాలి. అంటే మందపాటి ఉక్కు పాత్రలు, పెద్ద కంప్రెసర్లు, బోలెడంత విద్యుత్. 1968లో విల్కిన్సన్ బృందం మరో రోడియం సమ్మేళనంతో అదే చర్యను ఎంతో తక్కువ పీడనం దగ్గర జరిపించింది. పైగా పరిశ్రమకు కావలసిన తిన్నని గొలుసు ఆల్డిహైడ్ ఎక్కువ శాతం వచ్చింది. యూనియన్ కార్బైడ్, డేవీ, జాన్సన్ మాథీ కంపెనీలు కలిసి దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాయి. మొదటిది 1976లో ప్యూర్టోరికోలోని పోన్సేలో మొదలైంది.

ఆ సాంకేతికత మన దాకా కూడా వచ్చింది. విశాఖపట్నంలోని ఆంధ్రా పెట్రోకెమికల్స్ కర్మాగారం పొరుగునున్న రిఫైనరీ ప్రొపిలీన్‌తో ఆక్సో ఆల్కహాళ్లు తయారుచేసేది డేవీ ఇచ్చిన విధానంలోనే. రంగుల్లో వాడే ద్రావణులు, గట్టి పీవీసీని మెత్తబరిచే ప్లాస్టిసైజర్లు ఈ ఆల్కహాళ్ల నుంచే వస్తాయి.

స్టాక్‌హోంలో చెప్పింది వేరే కథ

1973 నోబెల్ ఫిషర్‌కూ విల్కిన్సన్‌కూ కలిపి ప్రకటించారు, శాండ్‌విచ్ సమ్మేళనాల మీద వేర్వేరుగా చేసిన కృషికి గాను. వుడ్‌వర్డ్ నొచ్చుకుని నోబెల్ కమిటీకి ఉత్తరం రాశారు. ఆ నిర్మాణం తనకూ తోచిందని, తనను వదిలేయడం సరికాదని ఆయన బాధ. ఆ మాటలో నిజముంది. అయితే 1965లోనే మరో కృషికి నోబెల్ అందుకున్న వుడ్‌వర్డ్ ఫెర్రోసీన్ దగ్గర ఎక్కువ కాలం ఆగలేదు. ఆ తలుపు తీసి లోపలికి నడిచింది, అక్కడే బతుకంతా పనిచేసింది మిగతా ఇద్దరు. ఆ లెక్కన కమిటీ నిర్ణయం నాకు సబబుగానే కనిపిస్తుంది.

డిసెంబరు 11న స్టాక్‌హోంలో నోబెల్ ప్రసంగం చేస్తూ విల్కిన్సన్ శాండ్‌విచ్‌లను పక్కన పెట్టేశారు. స్థిరమైన పరివర్తన లోహ ఆల్కైళ్ల కోసం, అంటే లోహానికి కర్బనం ఒంటి బంధంతో అంటుకున్న సమ్మేళనాల కోసం సాగిన సుదీర్ఘ అన్వేషణ గురించి మాట్లాడారు. ‘నేచర్’ ఉత్తరం చూసిన రోజున ఆయన్ను వేధించిన ఆ ఒంటి బంధం కథ అది. లోహానికీ కర్బనానికీ మధ్య ఒంటి బంధం నిజంగానే బలహీనమా? కాదన్నారు. లోహానికి అంటుకున్న కర్బనం పక్క కర్బనం మీద హైడ్రోజన్ ఉంటే, లోహం ఆ హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. మిగిలింది ఆలిఫిన్‌గా తప్పుకుపోతుంది. లోపం బంధంలో లేదు, పారిపోయే దారి తెరిచి ఉండటంలో ఉంది. ఆ దారి మూసేస్తే బంధం నిలుస్తుంది.

మిథైల్‌లో పక్క కర్బనమే ఉండదు. ఆ ఏడాదే షార్ట్‌లాండ్‌తో కలిసి విల్కిన్సన్ టంగ్‌స్టన్‌కు ఏకంగా ఆరు మిథైళ్లు తగిలించిన హెక్సామిథైల్ టంగ్‌స్టన్‌ను ప్రకటించారు. ఎర్రటి స్ఫటికాలు, గాలి తగలకూడదు, ఒక్కోసారి పేలతాయి కూడా. అయినా సీసాలో ఉన్నాయి. ఉండవన్న పదార్థం ఉంది.

ఇందులో మరో విశేషముంది. ఆల్కైళ్లను నాశనం చేసే ఆ చర్యనే వెనక్కి నడిపిస్తే ఏమవుతుంది? ఆలిఫిన్ వచ్చి లోహం మీది హైడ్రోజన్‌తో కలిసి ఆల్కైల్‌గా మారుతుంది. రోడియం ఉత్ప్రేరకాల గుండెకాయ ఆ మెట్టే. లోహానికీ కర్బనానికీ మధ్య ముడి అవసరమైనప్పుడు పడి, పని కాగానే విడిపోతుంది కనుకనే పుదీనా కార్వోన్‌లో హైడ్రోజన్ ఎక్కింది, విశాఖలో ప్రొపిలీన్ ఆల్డిహైడ్ అయింది. ఏ గుణాన్ని చూసి పూర్వులు ఆ బంధాన్ని పనికిరాదని పక్కన పెట్టారో, ఆ గుణం మీదే ఇవాళ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి.

ఈ ఆలోచన తర్వాతి తరాన్నీ నడిపించింది. హార్వర్డ్‌లో విల్కిన్సన్ శిష్యుడు ఆస్బార్న్ దగ్గర పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ ష్రాక్, పక్క కర్బనం మీద హైడ్రోజన్ లేని నియోపెంటైల్ గుంపులను టాంటలమ్‌కు ఐదు తగిలించాలని చూశారు. అనుకున్నది రాలేదు. లోహానికీ కర్బనానికీ మధ్య జంట బంధమున్న సమ్మేళనం వచ్చింది. 2005లో ష్రాక్‌తో పాటు నోబెల్ పంచుకున్న రాబర్ట్ గ్రబ్స్, తన రుథీనియం ఉత్ప్రేరకాల్లో మొదటిదాన్ని 1992లో చేసింది 1960ల్లో విల్కిన్సన్ ప్రయోగశాల వివరించిన రుథీనియం ఫాస్ఫీన్ సమ్మేళనం నుంచే. ఇక మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేసిన ఎలువత్తింగల్ జెమ్మిస్ బృందం 2001లో ప్రకటించిన ఎలక్ట్రాన్ లెక్క, బోరాన్ పంజరాలనూ ఫెర్రోసీన్ వంటి శాండ్‌విచ్‌లనూ ఒకే సూత్రంలోకి తెచ్చింది.

1976లో విల్కిన్సన్‌కు సర్ బిరుదు వచ్చింది. 1988లో పదవీ విరమణ చేశాక కూడా ఇంపీరియల్ ప్రయోగశాలను వదల్లేదు. కర్బనం నుంచి నైట్రోజన్ వైపు తిరిగి, క్రోమియం, మాంగనీస్, రీనియం, ఆస్మియంలు నైట్రోజన్‌తో కట్టే బహుబంధాల మీద కొద్దిమంది యువ పరిశోధకులతో వరసగా పత్రాలు ప్రచురించారు. 1996 సెప్టెంబరు 26న ఆయన కన్నుమూసేనాటికి కూడా ఆ పని సాగుతూనే ఉంది.